పాదం కింది మెత్త

ఉద్దేశం: మారథాన్ పరుగువీరులు తొడిగే బూట్లలోని మెత్తదనం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం, రెండు వస్తువులను పోల్చేటప్పుడు ఏయే విషయాలు గమనించాలో గ్రహించడం.

నిండు బిందెను తలకెత్తుకునేవారు ముందుగా ఏమి చేస్తారో మీరు చూసే ఉంటారు. పాత గుడ్డను చుట్టగా చుట్టి నడినెత్తిన పెట్టుకుంటారు. దానినే చుట్టకుదురు అంటాం. బిందె బరువు చుట్టకుదురు వలన ఒక్క గ్రాము కూడా తగ్గదు. అయినా తలకు నొప్పి తెలియదు. కారణం ఏమిటి? బరువు ఒక్కచోటనే గుచ్చుకోకుండా నలువైపులా పరుచుకుంటుంది. నడకలో కలిగే కుదుపు కూడా తలకు నేరుగా తగలకుండా గుడ్డలో కొంత అణగిపోతుంది.

ముంబయి తెలుగువారికి చుట్టకుదురు సంగతి వేరే చెప్పనక్కరలేదు. కామాటి అంటే కూలిపని చేసేవాడని అర్థం. పద్దెనిమిదవ శతాబ్దం చివరి కాలం నుండి, నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుండి ఎందరో శ్రామికులు బతుకుతెరువు కోసం ఈ నగరానికి వచ్చారు. కట్టడాల పనుల్లో మట్టి తట్టలు, రాళ్ళు మోశారు. వారు స్థిరపడిన పేటకే కామాటిపుర అనే పేరు వచ్చింది. తరువాతి కాలంలో పద్మశాలీలు మొదలైనవారు బట్టల మిల్లుల్లో పనికి వచ్చి వర్లీ, పరేల్ ప్రాంతాల చాళ్ళలో కాపురాలు పెట్టారు. కాలికి బలపం కట్టుకొని తిరిగిన ఈ శ్రామికులకు తల మీది మెత్త విలువ బాగా తెలుసు. తెలంగాణలో తలగడను మెత్త అనే పిలుస్తారు. ఈ పాఠంలో మనం తల మీది మెత్తను గాక, పాదం కింది మెత్తను గూర్చి తెలుసుకుందాం.

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్ల పరుగు. ముంబయిలో ఈ పందెం 2004లో మొదలైంది. జనవరి నెలలో, ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ ప్రాంతం నుండి వేలాది మంది పరుగు తీస్తారు. పరుగు బాట ఏటా కొంత మారుతూ ఉంటుంది. అయినా వర్లీ చాళ్ళలో ఉండేవారికి ఆ బాట అట్టే దూరం కాదు. 2023లో ఇథియోపియా దేశస్థుడు హేలే లెమీ ఈ పందెాన్ని 2 గంటల 7 నిమిషాల 32 సెకన్లలో ముగించాడు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సైనికుడు శ్రీను బుగత 2020లోనూ, 2024లోనూ భారతీయ పురుషులలో ప్రథముడుగా నిలిచాడు. 2020లో అతనికి పట్టిన సమయం 2 గంటల 18 నిమిషాల 44 సెకన్లు. 2024లో 2 గంటల 17 నిమిషాల 29 సెకన్లు. అన్ని మైళ్ళు సిమెంటు రోడ్డు మీద, తారు రోడ్డు మీద పరుగెత్తే పాదాలు ఎంత దెబ్బకు తట్టుకోవాలో ఒకసారి లెక్క వేసి చూద్దాం.

పరుగెత్తే మనిషి పాదం నేలను తాకిన ప్రతిసారీ, అతని శరీర బరువుకు సుమారు రెండు మూడు రెట్ల బలం కాలిపై పడుతుంది. యాభై కిలోల మనిషి అనుకుంటే, ఒక్కో అడుగులో 100 నుండి 150 కిలోల బరువు మోపినట్లు అన్నమాట. మేటి పరుగువీరుడు నిమిషానికి సుమారు 180 అడుగులు వేస్తాడు. రెండు గంటల పది నిమిషాల పరుగులో ఆ అడుగులు 23,000 దాటుతాయి. అంటే ఒక్కొక్క పాదం పదకొండు వేల సార్లకు పైగా దెబ్బ తింటుంది. చుట్టకుదురు లేకుండా రోజంతా రాళ్ళు మోసిన తలతో ఆ పాదాన్ని పోల్చవచ్చు.

అయితే ప్రకృతి మన శరీరంలోనే కొంత మెత్తను అమర్చింది. మడమ కింద కొవ్వుతో కూడిన మెత్తని పొర ఉంది. అరికాలి వంపు విల్లులా వంగి మళ్ళీ నిటారవుతుంది. పాదం నేలను తాకగానే మోకాలు కొద్దిగా వంగి, కండరాలు ఆ దెబ్బను కాచుకుంటాయి. ఈ ఏర్పాటు ఎంత గట్టిదో కొందరు పరుగువీరులు లోకానికి చూపించారు. ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను వట్టి కాళ్ళతో పరుగెత్తి, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. మన దేశానికి చెందిన శివనాథ్ సింగ్ కూడా వట్టి కాళ్ళ పరుగుకు పేరుపొందినవాడే. ఆయన 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో పదకొండవ స్థానం పొందాడు. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలలో పరుగు ముగించి నెలకొల్పిన జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు.

అలాగైతే బూట్లెందుకు అని మీకు సందేహం కలగవచ్చు. దెబ్బను కాచుకునే పని కండరాలు ఊరికే చేయవు. ఆ పనికి శక్తి ఖర్చవుతుంది. కాలి కింద తగిన మెత్త ఉంటే ఆ పనిలో కొంత భాగాన్ని మెత్తే చేస్తుంది. మిగిలిన శక్తి ముందుకు సాగడానికి ఉపయోగపడుతుంది. అందువలన బూటు మెత్తదనం కేవలం సుఖం కోసం ఏర్పడింది కాదు. శక్తిని పొదుపు చేయడం కూడా దాని పనే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మెత్తగా ఉంటే చాలునంటే, చౌపాటీలోని పొడి ఇసుక కంటే మెత్తని నేల ఎక్కడ ఉంది? ఆ ఇసుకలో పది అడుగులు పరుగెత్తి చూడండి. పాదానికి దెబ్బ తగలదు. కాని త్వరలోనే పిక్కలు లాగేస్తాయి. పాదం ఇసుకలో దిగినప్పుడు మన శక్తిని ఇసుక మింగుతుంది గాని తిరిగి ఇవ్వదు. ఇంకొక ఉదాహరణ చూడండి. పాత దూది పరుపు మీద గోళీని జారవిడిస్తే అది అక్కడే కూరుకుపోతుంది. బిగించి అల్లిన నులకమంచం మీద పసిపిల్లవాడు గెంతితే మంచం కిందికి వంగి, మళ్ళీ వాణ్ణి పైకి ఎగరవేస్తుంది. పరుపూ మెత్తనే, నులకమంచమూ మెత్తనే. మొదటిది పుచ్చుకుంటుంది. రెండవది పుచ్చుకొని తిరిగి ఇస్తుంది.

పరుగు బూటుకు కావలసింది ఈ రెండవ గుణం. కాబట్టి మంచి మెత్తలో మూడు లక్షణాలు చూడాలి. అది పాదం కింద తగినంత అణగాలి. అణగిన తరువాత, పుచ్చుకున్న శక్తిలో ఎక్కువ భాగాన్ని తిరిగి ఇవ్వాలి. పైగా తేలికగా ఉండాలి. ఒక్కొక్క బూటు బరువు 100 గ్రాములు పెరిగితే పరుగుకు పట్టే శక్తి సుమారు ఒక శాతం పెరుగుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. తేలికదనం కోసం మెత్తను పలుచన చేస్తే కండరాలకు పని పెరుగుతుంది. మెత్త కోసం మందం పెంచితే బరువు పెరుగుతుంది. బూట్లు తయారు చేసేవారు చాలా ఏళ్ళపాటు ఈ రెండింటి మధ్య నలిగారు.

బూటు అడుగున ఉండే అట్టను మనం సోలు అంటాం. పూర్వం పందెపు బూట్ల సోలు పలుచని రబ్బరుతో ఉండేది. 1970వ దశకంలో ఇ.వి.ఎ. అనే ఫోమ్ వాడుకలోకి వచ్చింది. మన ఇళ్ళలో వాడే తేలికపాటి స్లిప్పర్లు చాలావరకు ఈ జాతి ఫోమ్‌తో చేసినవే. ఫోమ్ లోపల కంటికి కనిపించనంత చిన్న గదులు అసంఖ్యాకంగా ఉంటాయి. ఆ గదులలో గాలి వంటి వాయువు నిండి ఉంటుంది. కాలు మోపగానే గదుల గోడలు వంగి, వాయువు నొక్కుకుపోతుంది. కాలు ఎత్తగానే గోడలు తిరిగి యథాస్థితికి వస్తాయి. ఈ రాకపోకలలో కొంత శక్తి వేడిగా మారి నష్టమవుతుంది. చాలాకాలం వాడితే గోడలు కుంగిపోతాయి. పాత స్లిప్పరు మడమ దగ్గర పలుచబడి గట్టిపడటానికి కారణం ఇదే.

2013లో అడిడాస్ సంస్థ బూస్ట్ అనే కొత్త ఫోమ్‌ను ప్రవేశపెట్టింది. చిన్న చిన్న గింజలను ఉబ్బించి, ఒకటిగా అతికించి దానిని తయారు చేస్తారు. చూడడానికి మరమరాల ఉండలా ఉంటుంది. ఆ ఫోమ్ ఉన్న బూట్లతోనే కెన్యా దేశస్థుడు డెన్నిస్ కిమెట్టో 2014లో బెర్లిన్‌లో 2 గంటల 2 నిమిషాల 57 సెకన్లతో ఆనాటి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. 2017లో నైకీ సంస్థ పీబ్యాక్స్ అనే పదార్థంతో చేసిన, మరింత మందమూ మరింత తేలికా అయిన సోలును తెచ్చింది. దాని మధ్యలో వంపు తిరిగిన కార్బన్ పలక ఒకటి ఉంటుంది.

ఈ మూడు రకాల మెత్తలలో ఏది మేలు? బజారులో అమ్మేవారి మాట విని తేల్చలేము. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రకటించిన ప్రయోగ ఫలితాలు చూద్దాం. వారు మూడు జతల బూట్లను యంత్రంతో నొక్కి, తిరిగి వచ్చే శక్తిని కొలిచారు.

ఇ.వి.ఎ. ఫోమ్ ఉన్న పందెపు బూటు – తిరిగి ఇచ్చిన శక్తి 65.5 శాతం
బూస్ట్ ఫోమ్ ఉన్న బూటు – తిరిగి ఇచ్చిన శక్తి 75.9 శాతం
పీబ్యాక్స్ ఫోమ్, కార్బన్ పలక ఉన్న కొత్త నమూనా – తిరిగి ఇచ్చిన శక్తి 87 శాతం

అంతేగాక కొత్త నమూనా మిగతా రెండింటి కంటే ఎంతో ఎక్కువగా అణగింది. ఎక్కువ పుచ్చుకొని, అందులో ఎక్కువ పాలు తిరిగి ఇచ్చిందన్నమాట. తరువాత 18 మంది మేటి పరుగువీరుల చేత మూడు రకాల బూట్లతోనూ పరుగెత్తించి, వారు ఉచ్ఛ్వాస నిశ్వాసాలలో వాడిన ప్రాణవాయువును బట్టి శక్తి ఖర్చును లెక్కగట్టారు. కొత్త బూట్లతో సగటున నాలుగు శాతం శక్తి ఆదా అయింది.

ఇక్కడ ఆ పరిశోధకులు చేసిన ఒక పనిని గమనించండి. మూడు జతల బూట్ల బరువులు వేరువేరుగా ఉండేవి. తేలిక బూట్లకు అదనపు బరువు చేర్చి, అన్నింటినీ సమానం చేశారు. అలా చేయకపోతే వచ్చిన లాభం మెత్త వలన వచ్చిందో, తేలికదనం వలన వచ్చిందో తెలియదు. దేనిని పరీక్షిస్తున్నామో అదొక్కటే మారాలి. తక్కినవన్నీ సమానంగా ఉండాలి. పోల్చి చూడడంలో ఇదే మొదటి సూత్రం.

ఈ సూత్రాన్ని బికిలా విషయంలో వర్తింపజేసి చూడండి. 1960లో వట్టి కాళ్ళతో గెలిచిన బికిలా 1964లో టోక్యోలో బూట్లు తొడిగి 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో గెలిచాడు. మూడు నిమిషాలు తగ్గింది కదా, ఇది బూట్ల మహిమే అనవచ్చునా? అనరాదు. ఊరు మారింది, బాట మారింది, వాతావరణం మారింది. నాలుగేళ్ళ సాధన అదనంగా చేరింది. ఇన్ని మారినప్పుడు ఫలితాన్ని ఒక్క బూటుకే కట్టబెట్టడం న్యాయం కాదు.

కొలరాడో ప్రయోగాన్ని కూడా కళ్ళు మూసుకొని నమ్మనక్కరలేదు. దానికి నిధులు సమకూర్చింది ఆ కొత్త బూట్లను తయారు చేసిన సంస్థే. ఆ సంగతిని పరిశోధకులు దాచలేదు. అందువలన అటువంటి ఫలితాలను ఇతరులు కూడా పరీక్షించి చూడవలసి ఉంటుంది. అలా పరీక్షించిన తరువాత కూడా లాభం నిజమేనని తేలింది. కాని అది అందరికీ ఒకే పాళ్ళలో రాలేదు. కార్బన్ పలకే అసలు రహస్యమని తొలుత చాలామంది అనుకున్నారు. ఆ పలకను అడ్డంగా కోసి, దాని బిగువు తగ్గించి పరుగెత్తించినా శక్తి ఖర్చు పెద్దగా మారలేదని మరొక ప్రయోగంలో తెలిసింది. లాభంలో ఎక్కువ పాలు ఫోమ్‌దేనని దీనిని బట్టి ఊహించవచ్చు. ఇంకొక మాట. శక్తిలో నాలుగు శాతం ఆదా అయితే పరుగు కాలంలోనూ నాలుగు శాతం తగ్గుతుందని అనుకోకూడదు. వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలి అడ్డు కూడా పెరుగుతుంది. మేటి పరుగువీరులకు తగ్గే కాలం అంతకంటే తక్కువే.

తక్కువైనా, ఒకటి రెండు నిమిషాల తేడా అంటే ఆటల్లో సామాన్యం కాదు. అందుకే తగవు మొదలైంది. సోలు ఎంత మందం ఉన్నా సరేననుకుంటే, చివరకు కాళ్ళ పందెం కాస్తా బూట్ల పందెం అవుతుంది. దీనిని అదుపు చేయడానికి ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 2020 జనవరి 31న నిబంధనలు ప్రకటించింది. రోడ్డు పందెాల బూట్ల సోలు మందం 40 మిల్లీమీటర్లు దాటరాదు. లోపల ఒక పలక కంటే ఎక్కువ ఉండరాదు. 2021లో వియన్నా మారథాన్‌లో దెరారా హురిసా అనే ఇథియోపియా యువకుడు అందరికంటే ముందుగా గమ్యం చేరాడు. కాని అతని బూట్ల సోలు 5 సెంటీమీటర్లు ఉందని తేలింది. ఒక్క సెంటీమీటరు ఎక్కువైనందుకు అతని గెలుపు రద్దయింది.

మందానికి హద్దు పెట్టగలిగారు గాని ధరకు పెట్టలేకపోయారు. 2023 సెప్టెంబరులో బెర్లిన్‌లో ఇథియోపియా వనిత టిగిస్ట్ అసెఫా 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లలో పరుగు ముగించి ఆనాటి మహిళల ప్రపంచ రికార్డు సాధించింది. ఆమె తొడిగిన బూటు ఒక్కొక్కటి 138 గ్రాములు. దాదాపు ఒక పెద్ద జామకాయ బరువు! జత ధర 500 డాలర్లు. తయారు చేసినవారే అది ఒక్క మారథాన్‌కు ఉద్దేశించినదని చెప్పారు. ఒక్క పందెం కోసం అంత వెచ్చించగలవారు ఎందరుంటారు? ఒకే గీత మీద నిలబడినవారి కాళ్ళ కింద ఒకే రకం మెత్త లేనప్పుడు, గెలుపు ఓటములలో కాళ్ళ వాటా ఎంత, డబ్బు వాటా ఎంత? పెద్దలు ఇంకా చర్చిస్తున్న ప్రశ్న ఇది. మీరూ ఆలోచించండి.

బూటు వలన లాభమే లేదని చెప్పడం సత్యం కాదు. బూటు ఉంటే చాలుననడం అంతకంటే అసత్యం. 87 శాతం తిరిగి ఇచ్చే సోలు కూడా మొదట కాలు ఇచ్చిన దానిలోనే 87 పాళ్ళు ఇస్తుంది. సొంతంగా ఒక్క పాలు కూడా చేర్చదు. ఏళ్ళ తరబడి సాధన చేసిన కాలు ఎక్కువ ఇస్తుంది, ఎక్కువ పుచ్చుకుంటుంది. సాధన లేని కాలికి ఖరీదైన మెత్త కూడా కొద్దిపాటి సాయమే చేయగలదు.

చాలులో పెరిగే పిల్లలు పాఠశాల పరుగు పందెానికి కాన్వాసు బూట్లతో వెళ్ళినందుకు చిన్నబుచ్చుకోనక్కరలేదు. బాలబాలికలకు కార్బన్ పలకల బూట్లతో పనిలేదు. బొటనవేలి ముందు వేలెడు చోటు ఉందా, మడమ జారకుండా ఉందా, సోలు ఒకవైపే అరిగిపోయిందా అన్నవి చూసుకుంటే చాలు. సాయంత్రానికి పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి కనుక బూట్లు ఆ వేళ కొనడం మంచిది. సాధనకు సిమెంటు గల్లీ కంటే మైదానపు మట్టి నేల, గడ్డి నేల మేలు. మారథాన్ తొందర కూడా వద్దు. ముంబయిలో పూర్తి మారథాన్ పరుగెత్తడానికి పద్దెనిమిదేళ్ళు నిండాలి.

మీ పరుగు పెరిగిందో లేదో తెలుసుకోవాలంటే కొలరాడో పరిశోధకుల సూత్రాన్నే పాటించండి. అవే బూట్లు, అదే మైదానం, అదే దూరం, అదే వేళ ఉండేలా చూసుకోండి. వారానికొకసారి కాలాన్ని పుస్తకంలో రాసుకోండి. తక్కినవేవీ మారకుండా కాలం ఒక్కటే తగ్గితే, ఆ తగ్గుదల పూర్తిగా మీ కాళ్ళదే.

అభ్యాసం

అ. పదాలు – అర్థాలు
చుట్టకుదురు = బరువు మోయడానికి తలపై పెట్టుకునే గుడ్డ చుట్ట
బతుకుతెరువు = జీవనోపాధి
నులక = మంచం అల్లే సన్నని తాడు
యథాస్థితి = మునుపటి స్థితి
ప్రాణవాయువు = ఆక్సిజన్
పాలు = భాగం, వంతు

ఆ. ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి.
1. చుట్టకుదురు బరువును తగ్గించదు. అయినా తలకు నొప్పి తెలియకపోవడానికి కారణమేమి?
2. దూది పరుపుకు, నులకమంచానికి గల భేదాన్ని రచయిత ఎందుకు చెప్పారు?
3. మంచి మెత్తకు ఉండవలసిన మూడు లక్షణాలేవి?
4. కొలరాడో పరిశోధకులు బూట్ల బరువులను ఎందుకు సమానం చేశారు?
5. బికిలా టోక్యోలో తక్కువ సమయంలో గెలవడానికి బూట్లే కారణమని ఎందుకు చెప్పలేము?
6. “మందానికి హద్దు పెట్టగలిగారు గాని ధరకు పెట్టలేకపోయారు.” ఈ మాటపై మీ అభిప్రాయాన్ని పది వాక్యాలలో రాయండి.

ఇ. ఈ జాతీయాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.
కాలికి బలపం కట్టుకొని తిరుగు, చెక్కుచెదరకుండు, కళ్ళు మూసుకొని నమ్ము

ఈ. సంధులు
శతాబ్దం = శత + అబ్దం – సవర్ణదీర్ఘ సంధి
మొదలైన = మొదలు + ఐన – ఉత్వ సంధి
పై విధంగా ‘అవసరమైన’, ‘విద్యాలయం’ అనే పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.

ఉ. చేసి చూడండి
గాజు గోళీ ఒకటి, మీటరు బద్ద ఒకటి తీసుకోండి. పాత స్లిప్పరు, కొత్త స్లిప్పరు, దూది పరుపు, పొడి ఇసుక, చెక్క బల్ల – వీటిలో ఒక్కొక్కదానిపై గోళీని సరిగ్గా 100 సెంటీమీటర్ల ఎత్తు నుండి జారవిడవండి. అది ఎన్ని సెంటీమీటర్లు పైకి ఎగిరిందో చూడండి. 20 సెంటీమీటర్లు ఎగిరితే సుమారు 20 శాతం శక్తి తిరిగి వచ్చినట్లు. ఒక్కొక్కదానిపై ఐదుసార్లు చేసి, సగటు కట్టి పట్టికలో రాయండి. పట్టికలో ఏది పైన నిలిచిందో, అది మెత్తనిదో గట్టిదో తరగతిలో చర్చించండి.